1972 కార్వెట్ వెనక సస్పెన్షన్ రీబిల్డ్: డబ్బు దేనికి పెట్టాలి, దేనికి అక్కర్లేదు

మీ దగ్గర 1963కీ 1982కీ మధ్య తయారైన కార్వెట్ (షెవర్లే వాళ్ల స్పోర్ట్స్ కారు) ఉండి, దాని వెనక చక్రాలను ఛాసిస్‌కి పట్టి ఉంచే ట్రెయిలింగ్ ఆర్మ్స్ చివరిసారి ఎప్పుడు విప్పారో తెలియకపోతే, వాటిని కొలిచి కట్టే మనిషి చేతికి ఇవ్వండి. అది కూడా మీ సొంతవే ఇవ్వండి. మన పాతవి తీసుకుని, ఇంకెవరి కారు నుంచో వచ్చి బాగైన జతను మనకి పంపే మార్పిడి పద్ధతి జోలికి వెళ్లకండి. నా కారుకి ఈ పని చేసింది ఒహాయోలో టొలీడో దగ్గర ఒక చిన్న షాపు. ఒక పెద్దాయన, ఒక సహాయకుడు, అంతే. తన పేరు ఎక్కడా రాయొద్దని ఆయన కోరారు, చేతిలో ఉన్న పనే ఎక్కువన్నారు. కాబట్టి పేరు రాయను. ఆయన పని ఎలా చేశారో మాత్రం వివరంగా రాస్తాను. మీ ఊరి దగ్గర ఇలాంటి షాపు కనిపిస్తే ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

నేను డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉంటాను. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసేవారు. లారీ హబ్బులు, స్టబ్ యాక్సిళ్లు ఆయన చేతిలో రోజూ తిరిగేవి. నేను ఇక్కడ ఒక విడిభాగాల కంపెనీలో కొలతల ల్యాబ్‌లో ఉన్నాను. అందుకే ఏ వర్క్‌షాప్‌కి వెళ్లినా నా కళ్లు ముందు మైక్రోమీటర్ ఎక్కడ పెట్టారన్న దాని మీదకే పోతాయి. టొలీడో పెద్దాయన మైక్రోమీటర్లు చెక్కపెట్టెలో, మఖమలు గుడ్డలో ఉన్నాయి. పక్కనే ప్రామాణిక కొలత ముక్కలు, వాటిని తుడిచే మెత్తటి గుడ్డ. నమ్మకం అక్కడే కుదిరింది.

కారు 1972 మోడల్ కూపే. ముందూ వెనకా రెండువైపులా క్రోమ్ బంపర్లు వచ్చిన ఆఖరి సంవత్సరం అది. ఆ ఏడాది 27,004 కార్వెట్లు తయారయ్యాయి, అన్నీ మిస్సోరిలోని సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీలోనే. నాది మామూలు 350 క్యూబిక్ అంగుళాల ఇంజను, 200 హార్స్‌పవర్. బాడీ ఫైబర్‌గ్లాస్ కాబట్టి బయటికి తుప్పు కనబడదు. కింద ఛాసిస్ మాత్రం ఇనుమే. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు దాన్ని ఏం చేస్తుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ముఖ్యంగా వెనక చక్రాల ముందు ఛాసిస్ పైకి లేచే చోటే తుప్పు ఎక్కువ పడుతుంది. ట్రెయిలింగ్ ఆర్మ్ ముందు చివర బిగించి ఉండేది సరిగ్గా అక్కడే.

ఈ సస్పెన్షన్ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ పెద్దాయన పనిలో గొప్పతనం అర్థం కాదు. 1963లో స్టింగ్ రే అనే కొత్త మోడల్ వచ్చినప్పుడు కార్వెట్ ఇంజనీరు జోరా ఆర్కస్ డంటోవ్ బృందం మొదటిసారి కార్వెట్‌కి వెనక స్వతంత్ర సస్పెన్షన్ పెట్టింది. కొన్ని మార్పులతో 1982 దాకా అదే సాగింది. ఒక్కో చక్రాన్ని మూడు భాగాలు పట్టుకుంటాయి. ముందు నుంచి వచ్చే ట్రెయిలింగ్ ఆర్మ్ చక్రం ముందుకీ వెనక్కీ పోకుండా ఆపుతుంది. కింద ఉండే స్ట్రట్ రాడ్ అడ్డంగా పట్టుకుంటుంది. పైన పట్టుకోవడానికి వేరే రాడ్ లేదు. ఇంజను శక్తిని చక్రానికి చేర్చే హాఫ్ షాఫ్టే పై లింకు పని కూడా చేస్తుంది. అంటే తిరుగుతున్న షాఫ్టే చక్రాన్ని నిలబెట్టాలి. డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) కింద అడ్డంగా ఒకే కమాన్ కట్ట, దాని రెండు చివర్లూ పొడవాటి బోల్టులతో రెండు ఆర్మ్‌లకీ వేలాడుతుంటాయి. మన లారీల్లో కమాన్ కట్టలు నిలువుగా ముందు నుంచి వెనక్కి ఉంటాయి, ఇక్కడ అడ్డంగా ఉంటుంది.

షాఫ్టే లింకు కావడం వల్ల ఎక్కడ చిన్న ప్లే, అంటే వదులు, వచ్చినా అది చక్రం వాలులో కనిపిస్తుంది. డిఫరెన్షియల్ లోపల హాఫ్ షాఫ్ట్‌ని తగిలించే యోక్ అనే ముక్క చివర అరిగితే యోక్ లోపలికీ బయటికీ జరుగుతుంది, చక్రం పైభాగం దాంతో పాటే ఊగుతుంది. ఆర్మ్‌లో స్పిండిల్ (చక్రం బిగించే ఇరుసు) బేరింగ్ వదులైతే చక్రం ఇంకో రకంగా ఊగుతుంది. కింద నిలబడి టైరు పట్టుకుని ఊపితే రెండూ ఒకేలా అనిపిస్తాయి. చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. వేరుచేసి చూడాలంటే ఒకరు టైరు ఊపుతుండగా ఇంకొకరు కిందికి దూరి, డిఫరెన్షియల్ దగ్గర షాఫ్ట్ లోపలికీ బయటికీ జరుగుతోందా, లేక స్పిండిల్ తన హౌసింగ్‌లోనే కదులుతోందా అన్నది డయల్ గేజ్ (సూక్ష్మమైన కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి చూడాలి. నా కారులో రెండూ ఉన్నాయి. కుడివైపు బేరింగ్ ప్లే మరీ ఎక్కువ.

నడిపేటప్పుడు లక్షణాలు ఇలా ఉండేవి. ఐ-75 హైవే మీద లేన్ మారితే ముందు చక్రాలు తిరిగిన అర సెకను తర్వాత వెనక భాగం తన సొంత నిర్ణయం తీసుకున్నట్టు జరిగేది. గతుకు మీద పడితే కారు పక్కకి ఒక చిన్న అడుగు వేసేది. టైర్లు లోపలి అంచున అరిగిపోయేవి. వీటన్నిటికన్నా విసిగించింది బ్రేకు. కొన్నాళ్లు కారు నడిపాక పెడల్ మెత్తబడేది. బ్లీడ్ చేస్తే, అంటే గొట్టాల్లోంచి గాలి బయటికి తీస్తే, గాలి వచ్చేది, నూనె మాత్రం చుక్క కూడా కారేది కాదు. మళ్లీ కొన్నాళ్లకి అదే కథ.

ఈ బ్రేకు సంగతి కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే దీని మీద జనం వందల డాలర్లు పోస్తున్నారు. 1965 నుంచి కార్వెట్‌కి నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు వచ్చాయి. క్యాలిపర్ కదలదు, బోల్టులతో బిగించి ఉంటుంది. రెండు వైపులా కలిపి నాలుగు పిస్టన్లు. డిస్క్ సరిగ్గా ఒకే తలంలో తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. డిస్క్ అటూ ఇటూ ఊగుతూ తిరిగితే, ప్రతి చుట్టుకీ పిస్టన్లను లోపలికి నెట్టి వదులుతుంది. ఆ కదలికతో సీళ్లు బయటి గాలిని కొంచెం కొంచెంగా లోపలికి లాగుతాయి. పంపు కొట్టినట్టే. నూనె కారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మాస్టర్ సిలిండర్ మారుస్తారు, క్యాలిపర్లు మారుస్తారు, గొట్టాలు మారుస్తారు. తప్పంతా స్పిండిల్ దగ్గర ఉంటుంది. బేరింగ్ వదులైనా డిస్క్ ఊగుతుంది, స్పిండిల్ ఫ్లాంజ్ (డిస్క్ ఆనుకునే చదునైన అంచు) వంకరగా ఉన్నా ఊగుతుంది. నాలుగైదు థౌ దాటితే, అంటే అంగుళంలో వెయ్యోవంతులు నాలుగైదు దాటితే, గాలి చేరడం మొదలవుతుందని పాత కార్వెట్లు బాగుచేసేవాళ్లందరూ చెబుతారు. నా కుడి చక్రం దగ్గర డయల్ గేజ్ ముల్లు దానికి రెట్టింపు కన్నా ఎక్కువ తిరిగింది.

ఆర్మ్స్ విప్పడం నేనే గ్యారేజీలో చేశాను. సన్నగా పొడవాటి బ్లేడు పట్టే కరెంటు రంపం లేకుండా ఈ పనికి దిగకండి. ఆర్మ్ ముందు చివర ఉన్న బుష్ (ఇనుప గొట్టం చుట్టూ రబ్బరు ఉండే ముక్క) గుండా ఒక పెద్ద బోల్టు ఛాసిస్‌లో జేబులా ఉన్న సందులోకి అడ్డంగా పోతుంది. ఆ బోల్టు లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. బుష్‌కి రెండువైపులా టో (చక్రం ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేసే షిమ్ములు, అంటే పలచటి రేకు ముక్కలు, ఉంటాయి, అవీ ముద్దగా అయిపోతాయి. సుత్తితో బాది తీయాలని చూస్తే ఛాసిస్ జేబు చిరుగుతుంది. బుష్‌కీ ఛాసిస్‌కీ మధ్య బ్లేడు దూర్చి, బోల్టును రెండు చోట్ల కోసి తీయడమే మార్గం. కొత్త బోల్టు, నట్టు, స్టెయిన్‌లెస్ షిమ్ములు ముందే తెప్పించి పెట్టుకోండి. ఏ వైపు ఎంత మందం షిమ్ములున్నాయో తీసేముందు కొలిచి రాసిపెట్టుకుంటే, తిరిగి కట్టాక చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ షాపు దాకా కారు తిన్నగా పోతుంది.

స్ట్రట్ రాడ్ బయటి చివర ఇంకో మొండి భాగం ఉంది. షాక్ అబ్జార్బర్ కింది చివరని పట్టుకునే మందపాటి కడ్డీయే స్ట్రట్ రాడ్‌ని కూడా పట్టుకుంటుంది. అది బేరింగ్ హౌసింగ్‌లో బిగిసిపోయి ఉంటుంది. నేను దాన్ని తాకలేదు. కడ్డీతో సహా ఆర్మ్ మొత్తాన్ని తీసుకెళ్తే ఆయన ప్రెస్ మీద తీశారు. ఛార్జీలో అది కూడా కలిసే ఉంది.

ఇక షాపు. నా వ్యానులో రెండు ఆర్మ్స్ వేసుకుని వెళ్లాను. ఆయన వాటిని బల్ల మీద పెట్టి, విప్పకముందే కొలిచారు. డిస్క్ ఊపు ఎంత, ఎండ్ ప్లే (స్పిండిల్ లోపలికీ బయటికీ జరిగే వదులు) ఎంత, హౌసింగ్ కూర్చునే చోట ఆర్మ్ వంగిందా, రేకు ఎక్కడ పలచబడింది, అన్నీ ఒక కాగితం మీద రాశారు. ఎడమ ఆర్మ్ బాగానే ఉంది. కుడి ఆర్మ్ కింది అంచున తుప్పు తిన్న చోట చిన్న సుత్తితో తట్టి చప్పుడు విన్నారు. "ఇది ఇంకా పనికొస్తుంది. మీరు ఉప్పు మీద నడపనంటేనే" అన్నారు. నడపనన్నాను. ఆ మాట కూడా కాగితం మీద రాసుకున్నారు.

ఈ పనికి గుండెకాయ స్పిండిల్ బేరింగ్ అమరిక. హౌసింగ్‌లో రెండు టేపర్ రోలర్ బేరింగులు ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో ఒక గొట్టం లాంటి స్పేసర్, దానికి తోడు ఒక షిమ్. ఆ షిమ్ మందమే బేరింగ్ ఎంత వదులుగా ఉండాలో నిర్ణయిస్తుంది. నట్టును 100 ఫుట్-పౌండ్ల టార్క్‌తో బిగించాక ఎండ్ ప్లే 1 నుంచి 8 థౌల మధ్య ఉండాలని ఫ్యాక్టరీ లెక్క. ముందు చక్రాల బేరింగ్‌లా నట్టు తిప్పి సరిచేసుకోవడం కుదరదు. షిమ్ మందం తప్పితే అంతా మళ్లీ విప్పాలి. బేరింగ్ స్పిండిల్ మీద బిర్రుగా కూర్చుంటుంది కాబట్టి ప్రతిసారీ ప్రెస్ పెట్టి తీయాలి, అలా తీసేటప్పుడు బేరింగ్ పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకని తెలిసినవాళ్లు ఒక నకిలీ స్పిండిల్ తయారుచేసుకుంటారు. బేరింగ్ చేత్తో జారేలా కొంచెం సన్నగా గ్రైండ్ చేసినది. దాని మీద బేరింగులు, స్పేసర్, షిమ్ వేసి, బిగించి, డయల్ గేజ్‌తో కొలిచి, షిమ్ మార్చి మళ్లీ కొలుస్తారు. కొలత కుదిరాకే అసలు స్పిండిల్ మీదకి ఎక్కిస్తారు.

చాలా షాపులు ఇక్కడితో ఆపేస్తాయి, చేతికందిన షిమ్‌తో 5 లేదా 6 థౌలు వస్తే 'స్పెక్‌లోనే ఉంది' అనేస్తాయి. మాట నిజమే, 8 లోపే కదా. కానీ ఎండ్ ప్లే ఎంత ఉంటే డిస్క్ ఊగడానికి అంత చోటు ఉన్నట్టే. ఈ పెద్దాయన షిమ్‌ని సర్ఫేస్ గ్రైండర్ మీద పెట్టి, కావలసిన మందానికి అరగదీస్తారు. నావి రెండూ ఒకటిన్నర థౌకి కట్టారు. నకిలీ స్పిండిల్ మీద వచ్చిన కొలత, అసలు స్పిండిల్ మీద ఎక్కించాక వచ్చిన కొలత రెండూ పక్కపక్కనే రాశారు, ఎందుకంటే బిర్రుగా ఎక్కినప్పుడు లోపలి రింగు కొంచెం ఉబ్బి ప్లే కాస్త తగ్గుతుంది. ఆ తేడా ఎంత ఉంటుందో ఆయనకి అనుభవం మీద తెలుసు, అయినా కొలిచారు. నేను ల్యాబ్‌లో రోజూ చూసే కాగితాల కన్నా ఆ చేతిరాత కాగితం శుభ్రంగా ఉంది.

బేరింగులు టిమ్‌కెన్ కంపెనీవి. గ్రీజు చేత్తో ప్రతి రోలర్ సందులోకీ ఎక్కించారు. ఈ హౌసింగ్‌కి గ్రీజు నిప్పిల్ లేదు, బయటి నుంచి గన్ పెట్టి కొట్టే వీలు లేదు. యాభై ఏళ్ల నాటి కార్లలో ఆ బేరింగులు ఎండిపోవడానికి కారణం అదే. విప్పితే తప్ప గ్రీజు పెట్టలేం, విప్పడానికి ఎవరూ ఇష్టపడరు. నా కుడి బేరింగ్‌లో గ్రీజు గట్టి మైనంలా, ఎర్రగా ఉంది.

డిస్కుల విషయానికి వస్తే, ఫ్యాక్టరీలో డిస్క్‌ని స్పిండిల్ ఫ్లాంజ్‌కి రివెట్లు కొట్టి, రెండూ కలిపి లేత్ మీద తిప్పి సాపు చేసేవారు. అందుకే కొత్త కారులో ఊపు ఉండేది కాదు. ఎవరో ఎప్పుడో రివెట్లు డ్రిల్ చేసి తీసేసి, కొత్త డిస్క్ ఊరికే తగిలించి పోయినప్పుడు ఆ జత చెడిపోతుంది. నా కారులో జరిగింది అదే. ఈయన స్పిండిల్ ఫ్లాంజ్‌ని లేత్ మీద సాపు చేసి, డిస్క్‌ని ఒక్కో రంధ్రం చొప్పున జరిపి ఏ చోట ఊపు తక్కువగా ఉందో చూసి, అక్కడ సుద్దతో కాదు, పంచ్‌తో గుర్తు పెట్టారు. రెండు చక్రాలూ 2 థౌల లోపు వచ్చాయి. అప్పటి నుంచి బ్రేకు పెడల్ గట్టిగానే ఉంది. క్యాలిపర్లు, మాస్టర్ సిలిండర్ పాతవే, వేటినీ మార్చలేదు.

హ్యాండ్ బ్రేకు సంగతి కూడా ఇదే దశలో తేల్చుకోవాలి. వెనక డిస్క్ మధ్య భాగమే ఒక చిన్న డ్రమ్ము, దాని లోపల బుల్లి షూలు ఉంటాయి. స్పిండిల్ కట్టేశాక వాటి స్ప్రింగులు, పిన్నులు మార్చాలంటే ఫ్లాంజ్‌లో ఉన్న ఒక్క కన్నం గుండా వేళ్లు దూర్చి చేయాలి, అది నరకం. స్పిండిల్ బయట ఉన్నప్పుడే స్టెయిన్‌లెస్ స్టీలు సామాను వేయించేయండి. ధర తక్కువ, మిషిగన్‌లో ఐతే తప్పనిసరి.

మార్పిడి ఆర్మ్స్ ఎందుకు వద్దన్నానో చెబుతాను. అట్లాంటాలో ఉండే గుంటూరు తమ్ముడు ఒకతను, 1975 కారు, ఒక పెద్ద అమ్మకందారు దగ్గర మార్పిడి జత తెప్పించాడు. నల్ల పెయింటుతో నిగనిగలాడుతూ వచ్చాయి. నాకు వీడియో కాల్‌లో చూపించి "అన్నా, నీకన్నా నాదే ముందైపోయింది" అన్నాడు. బిగించాక బ్రేకు మెత్తబడింది. నేను చెప్తే డయల్ గేజ్ కొని కొలిచాడు. ఒక వైపు ఎండ్ ప్లే 6 థౌలు, డిస్క్ ఊపు 9. అడిగితే 'స్పెక్‌లోనే ఉంది' అని ఎండ్ ప్లే గురించే జవాబు వచ్చింది, ఊపు గురించి ఒక్క మాట లేదు. అతని అసలు ఆర్మ్స్ అప్పటికే ఎవరికో వెళ్లిపోయాయి. ఒక దశాబ్దం పాటు ఎండ దేశంలో తుప్పు లేకుండా బతికిన ఆర్మ్స్ అవి. అది నాకు ఇప్పటికీ బాధగా ఉంది. పెయింటు ఎవరైనా వేస్తారు. కొలతల కాగితం పంపగలరా అని ఒక్క ప్రశ్న ముందే అడగండి. తడబడితే ఫోన్ పెట్టేయండి.

బుష్‌ల గురించి ఆయనకీ నాకూ చాలాసేపు చర్చ జరిగింది. ఈ రోజుల్లో అందరూ పాలీయూరిథేన్ వేయమంటున్నారు. ట్రెయిలింగ్ ఆర్మ్ ముందు బుష్ కేవలం పైకీ కిందికీ తిరిగేది కాదు. చక్రం లేచినప్పుడు హాఫ్ షాఫ్ట్ పట్టు వల్ల ఆర్మ్ ఒక వంపులో కదులుతుంది, కాబట్టి ముందు బుష్ కొంచెం మెలిక కూడా తిరగాలి. రబ్బరు అలా మెలిక పడుతుంది. గట్టి ప్లాస్టిక్ ఒప్పుకోదు, బిగుసుకుంటుంది, కిర్రుమంటుంది. ట్రాక్ మీద నడిపేవాళ్లు ఏం వేసుకుంటారో వాళ్లిష్టం. రోడ్డు మీద నడిపే కారుకి నేను రబ్బరే వేయించాను. రబ్బరు బుష్ ఎక్కించాక లోపలి గొట్టం చివరను ప్రత్యేక పనిముట్టుతో చిట్లకుండా విప్పార్చాలి, ఇంట్లో చేసేవాళ్లు పాలీ వైపు పోవడానికి అసలు కారణం ఆ కష్టమే. షాపులో ఇస్తున్నప్పుడు ఆ సాకు లేదు. స్ట్రట్ రాడ్ బుష్‌లు కూడా రబ్బరే. ఒక జాగ్రత్త: రబ్బరు బుష్‌లున్న బోల్టులన్నీ కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందికి దించిన క్షణం నుంచీ రబ్బరు మెలిక పడే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది.

హాఫ్ షాఫ్ట్ చివర్లలో మడత కీళ్లలా పనిచేసే క్రాసులు స్పైసర్ కంపెనీవి వేయించాను, గ్రీజు నిప్పిల్ లేని రకం. లోపల గ్రీజు దారి కోసం కన్నాలు తొలచరు కాబట్టి ఆ క్రాస్ బలంగా ఉంటుంది. ఈ కారులో ఆ క్రాసులు చక్రాన్ని కూడా నిలబెట్టాలన్నది మరిచిపోకండి. ఇక్కడ చవక సరుకు కొనడం నాకు అర్థం కాని విషయం.

కమాన్ కట్ట మార్చలేదు. 1981లో ఆటోమేటిక్ గేరు కార్లకి కంపెనీ ఫైబర్‌గ్లాస్ పట్టీ ఇచ్చింది. ఇనుప కట్ట 44 పౌండ్లు తూగితే అది 8 పౌండ్లే. బరువు తగ్గడం నిజమైన లాభమే, పట్టీల మధ్య రాపిడి ఉండదు. కానీ నా తొమ్మిది పట్టీల కట్ట ఇంకా వంపు కోల్పోలేదు. విప్పి, ఉక్కు బ్రష్‌తో తుప్పు గీకి, మధ్యలో కొత్త లైనర్లు వేసి మళ్లీ కట్టాను. చివర్లలో వేలాడే బోల్టులు, రబ్బరు దిండ్లు మాత్రం కొత్తవి. కారు వెనక భాగం అందంగా కిందికి దిగాలని కొందరు పొడవు బోల్టులు వేస్తారు. నేను అసలు పొడవే ఉంచాను.

ఇప్పుడు ఫిర్యాదులు. షాపు నుంచి ఫోన్ రాదు. ఆయన ఈమెయిల్ చూడరు. ఎప్పుడవుతుందంటే 'అయినప్పుడు' అనే అర్థం వచ్చే జవాబే. ఆర్మ్స్ శుభ్రం చేసి ప్రైమర్ మాత్రమే కొట్టి ఇస్తారు, పెయింటు మనమే వేసుకోవాలి. పార్సిల్‌లో పంపేవాళ్లకి చెక్కపెట్టె కూడా సొంతంగా కట్టుకుని పంపమంటారు, అట్టపెట్టెలో వస్తే స్పిండిల్ మర దెబ్బతింటుందని. కార్డు తీసుకోరు. నాకు రెండు ఆర్మ్స్, ఫ్లాంజ్ సాపు, బుష్‌లు, బేరింగులు అన్నీ కలిపి 1,200 డాలర్లు దాటింది, డిస్కుల ధర వేరు. మార్పిడి జత దీనికన్నా చవకగా దొరుకుతుంది. ఒక చలికాలం కారు స్టాండ్ల మీదే ఉంది. వేసవి మధ్యలో విప్పేవాళ్లకి ఈ షాపు సరిపడదు.

అలైన్‌మెంట్ ఇంకో తలనొప్పి. క్యాంబర్‌కి, అంటే చక్రం వాలుకి, స్ట్రట్ రాడ్ లోపలి చివర క్యామ్ బోల్టు ఉంది, అది సులభం. టో సరిచేయాలంటే ఛాసిస్ జేబులో షిమ్ములు అటు నుంచి ఇటు మార్చాలి. కంప్యూటర్ తెర మీద కనిపించే కొత్త కార్లకి అలవాటుపడిన కుర్రాళ్లు దీన్ని చూసి వెనకడుగు వేస్తారు. ఊరూరా బ్రాంచీలున్న ఒక షాపు వాళ్లు ముందు చక్రాలే చేసి, వెనకవి 'అడ్జస్ట్ కావు' అని రాసి ఇవ్వబోయారు. చివరికి టెలిగ్రాఫ్ రోడ్డు వైపు పాత ట్రక్కులు చేసే ఒకాయన దొరికారు. ఆయనకి షిమ్ముల మూట నేనే ఇచ్చాను. పొడవాటి స్ప్లిట్ పిన్ను షిమ్ముల కన్నాల గుండా పోయేలా వేయించుకోండి, లేకపోతే గతుకులకి షిమ్ములు జారి పడతాయి.

నడిపితే తేడా ఎలా ఉందంటే, మొదటి మలుపులోనే తెలిసిపోయింది. స్టీరింగ్ తిప్పగానే కారు మొత్తం ఒక్కటిగా తిరుగుతుంది. వెనక నుంచి ఆలస్యంగా వచ్చే ఆ జరుగుడు పోయింది. 70 మైళ్ల వేగంలో పెద్ద ట్రక్కు పక్క నుంచి దాటినా రెండు చేతులతో గట్టిగా పట్టుకోనక్కర్లేదు. మా ఆవిడ ఈ కారు ఎక్కడానికి ఇష్టపడేది కాదు. ఇప్పుడు డెట్రాయిట్ నదిలోని బెల్ ఐల్ పార్కు దాకా తనే తీసుకెళ్లమంటుంది. హాయిగా అనిపించే మెత్తదనం మాత్రం ఆశించకండి. ఇది 1972 స్పోర్ట్స్ కారు, మిషిగన్ రోడ్ల పగుళ్లు నడుముకి తెలుస్తూనే ఉంటాయి.

ఇంకా మిగిలింది డిఫరెన్షియల్ లోపలి యోక్‌లు. ఆర్మ్స్ సరయ్యాక ఆ లోపలికీ బయటికీ జరిగే ప్లే ఒక్కటే విడిగా కనిపిస్తోంది. యోక్ చివర లోపల ఒక పిన్నుకి ఆనుకుని తిరుగుతుంది, ఆ చివర మెత్తటి ఉక్కు అయితే అరిగి పొట్టిదవుతుంది. పెద్దాయన దాన్ని కూడా చేస్తారు, అరిగిన చివరకి గట్టి ఉక్కు వేసి పొడవు సరిచేస్తారు. "ఆర్మ్స్ తో పాటే తెచ్చి ఉంటే ఒకేసారి అయిపోయేది కదా" అని అడిగాను. "ఆర్మ్స్ బాగయ్యాకే యోక్ ప్లే ఎంతో సరిగ్గా కొలవగలం, అప్పుడు అవసరమా కాదా తేలుతుంది" అన్నారు. నా కొలతలు ఫోన్‌లో చదివి వినిపిస్తే, తెమ్మన్నారు. నవంబర్ నుంచి అందరూ కార్లు విప్పుతారు, అప్పుడు ఇస్తే వసంతం దాకా వరుసలో ఉండాలట. ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర పాత కార్ల ఊరేగింపు వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అవగానే డిఫరెన్షియల్ దింపి టొలీడో తీసుకెళ్లబోతున్నాను. మీకూ ఇలాంటి పని చేయించాలని ఉంటే ఆగస్టు చివరే అనువైన సమయం.